బెల్టు ఆగి ఉన్నదా, తిరుగుతున్నదా

సాహితీ, నిఖిల్,

ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మమ్మా, జర గట్టిగ మాట్లాడు" అంటారు మీరిద్దరూ. నా గొంతు మొదటి నుంచీ ఇంతే. ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆడమనిషికి ఇంత చిన్న గొంతేమిటని మా ఆఫీసులో నవ్వుకునేవారు. మోటార్ల హోరులో నేను అరిచినా వినపడదు కాబట్టి అరవడం నేర్చుకోలేదు. దగ్గరికి వెళ్లి అడగడం నేర్చుకున్నాను. నా ఉద్యోగమంతా దాదాపు అదే.

సాహితి ఢిల్లీలో ఉద్యోగంలో చేరింది. ఏఐ మీద చట్టం ఎలా ఉండాలో ప్రభుత్వానికి సలహాలు రాసిచ్చే ఆఫీసు. నిఖిల్ పుణెలో, ఫ్యాక్టరీ కెమెరాలకు తెలివి నేర్పే కంపెనీలో. ఒకరు చట్టం రాసే వైపు, ఒకరు దాని కింద బతకాల్సిన వైపు. మొన్న వీడియోలో మీరిద్దరూ వాదించుకుంటుంటే విన్నాను. దేశమంతటికీ ఒక చట్టం కావాలని అక్క, ఉన్న చట్టాలు చాలు, కొత్తది వస్తే చిన్న కంపెనీలు మునుగుతాయని తమ్ముడు. మధ్యలో నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. నాకు ఏఐ సంగతి పెద్దగా తెలియదు. చట్టం ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వచ్చాక ఏమవుతుందో మాత్రం తెలుసు.

మొదట అడిగే మాట

కొత్తగా చేరినప్పుడు అందరూ చేసే పనే నేనూ చేసేదాన్ని. యజమాని గదిలో కూర్చుని, ఫ్యాను కింద చాయ్ తాగుతూ, ఆయన చెప్పింది వినడం. కొన్నాళ్లకు ఆ అలవాటు మానేశాను. గేటు దాటగానే నేరుగా మెషిన్ దగ్గరికి వెళ్లి, అక్కడ నిలబడ్డ మనిషిని "జర ఆపు నాయనా" అని అడిగేదాన్ని.

ఇది నా సొంత పద్ధతి. ఎక్కడా రాసి లేదు. ఆపమంటే వెంటనే ఆపినవాళ్ల దగ్గర నాకు పెద్ద పని ఉండేది కాదు. హైదరాబాదులోని కాటేదాన్ పారిశ్రామికవాడలో ఒకచోట ఆపమంటే, పాపం ఆ పిల్లగాడు అటూ ఇటూ చూసి అన్నాడు:

"ఆపే హుకుం నాకు లేదు మేడం. సూపర్‌వైజర్ సాబ్ ఆపాలె."

"సాబ్ ఏడున్నడు?"

"ఛాయ్‌కి పోయిండు."

"నీ చెయ్యి అండ్ల ఇరుకుతే?"

"ఇరకదు మేడం. జాగ్రత్తగ ఉంట."

ఆ జవాబు నాకు చాలాసార్లు వినపడింది. ప్రమాదాలు ఎక్కువగా ఆ జవాబు ఇచ్చినవాళ్లకే జరిగాయి.

ఫ్యాక్టరీల చట్టంలో ఆక్యుపయర్ అని ఒక మాట ఉంది. స్థలం ఎవరిది, మెషిన్ ఎవరు కొన్నారు అన్నది కాదు. ఆ ఫ్యాక్టరీ మీద చివరి అదుపు ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి. ఏం జరిగినా చట్టం అతని ముఖమే చూస్తుంది. ఆ ఒక్క మాట ఉండబట్టే నాలాంటి చిన్న గొంతు మనిషి కూడా ఉద్యోగం చేయగలిగింది. యజమానులు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్నప్పుడు నేను వాదించేదాన్ని కాదు. "ఆపే అధికారం ఎవరిది?" అని మాత్రం అడిగేదాన్ని.

నర్సింహ వేళ్లు

కాటేదాన్‌లో ప్యాకింగ్ పట్టీలు చేసే షాపు ఒకటి ఉండేది. దాని యజమానిని అందరూ పెద్ద సేఠ్ అనేవారు. కోపం ఎక్కువ, మనసు మంచిది. అక్కడ నర్సింహ అని ఒక కార్మికుడు పనిచేసేవాడు.

మన దగ్గర పనికి దిగే ముందు పనిముట్టును ముట్టుకుని కళ్లకు అద్దుకుంటారు, మీరూ చూసే ఉంటారు. ఆటోవాళ్లు స్టీరింగు ముట్టుకుంటారు, దర్జీలు మిషను ముట్టుకుంటారు. ఆ షాపులో హిందువులు దండం పెట్టుకునేవారు, ముస్లింలు బిస్మిల్లా అని మెషిన్ మీద చెయ్యి వేసేవారు. ఒకరోజు నర్సింహ ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే రోలర్ తిరుగుతోంది. దండం పెట్టకుండా పని ఎలా మొదలుపెడతాడు? చెయ్యి చాచాడు. రెండు వేళ్లు పోయాయి.

మా పైఅధికారి ఒక ఉత్తరువు తీశారు. ఇకపై మెషిన్లను ముట్టుకుని దండాలు పెట్టకూడదని. ఆయన చెడ్డవాడు కాదు. నర్సింహను చూడడానికి తానే దవాఖానకు వెళ్లారు. కానీ కాగితం మీద వద్దంటే షాపులో ఆగిపోతుందని నమ్మారు.

ఆగలేదు. అంతకుముందు అందరి ముందూ తీరికగా పెట్టుకునే దండం దొంగచాటుది అయింది. సూపర్‌వైజర్ అటు తిరగ్గానే, రోలర్ తిరుగుతుండగానే, గబుక్కున ముట్టుకోవడం. ముందు కంటే ప్రమాదం పెరిగింది. ఆ సంగతి పైకి చెబితే ఆయన నమ్మలేదు. ఉత్తరువు వచ్చాక ఒక్క ఫిర్యాదూ రాలేదు కదా అన్నారు. ఫిర్యాదు ఎందుకు వస్తుంది? దాచుకుని చేసే పని గురించి ఎవరు చెబుతారు?

చివరికి దారి చూపింది పెద్ద సేఠే. షిఫ్టు మారే వేళకు మెషిన్ ఆపించాడు. అందరూ ముట్టుకుని దండం పెట్టుకున్నాకే స్విచ్ వేయాలి. స్విచ్ వేసేవాడు ముందుగా "చెయ్యి తీయ్!" అని అరవాలి. ఆ అరుపు వినపడితే లోపల ఎవరి చెయ్యీ ఉండకూడదు. ఆ తర్వాత నేను వెళ్లిన షాపుల్లో చాలాచోట్ల ఆ పద్ధతి పెట్టించాను. మనుషులు వదలని దాన్ని వద్దనే కంటే, స్విచ్‌ను దాని తర్వాతకు జరపడం మేలని నాకు అక్కడ అర్థమైంది.

సాహితీ, ఏఐ మీద వచ్చే చట్టం గురించి నాకు మొదటి భయం ఇక్కడే. వద్దు అని రాయడం తేలిక. వద్దన్నది ఎక్కడికి వెళ్లి దాక్కుంటుందో చూడడమే కష్టం.

అంజమ్మకు తెరుచుకోని గేటు

ఇప్పటి సంగతికి వస్తాను. మా వెనక వీధిలో అంజమ్మ అని ఒకామె ఉంటుంది. వాళ్లది కొత్వాల్‌గూడ దగ్గర వ్యవసాయ కుటుంబం. ఇప్పుడు పొలం లేదు. కొత్తూరు రోడ్డు మీద ఒక ప్యాకింగ్ షెడ్డులో మందుల పెట్టెలు సర్దే పని. ఆ పెట్టెలు విమానాల కార్గోకు వెళతాయి. ఆమె జీతంతోనే ఇల్లు నడుస్తోంది. భర్తకు నడుము పడిపోయింది.

ఒకరోజు సాయంత్రం మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మేడం, మీరు ఎనకట ఫ్యాక్టరీల ఆఫీసరంట గద?"

"ఎనకట. ఇప్పుడు ఖాళీ మనిషిని. ఏమైందమ్మా?"

"గేటు తెరుస్తలేదు మేడం."

"ఎవరు తెరుస్తలేరు?"

"ఎవరు గాదు. గేటే తెరుస్తలేదు. మొకం జూపిస్తే ఎర్ర లైటు అస్తున్నది. వాచ్‌మన్‌ను అడిగితే నాకేం దెల్వదంటడు. కాంట్రాక్టర్‌ను అడిగితే నువ్వు డేంజర్ పని జేసినవట అంటడు. నేనేం జేసిన మేడం? పొద్దుగాల పోంగనే బెల్టును గిట్ల ముట్టి కండ్లకు అద్దుకున్న. గంతే."

ఆ గిట్ల అన్నప్పుడు ఆమె చెయ్యి గాలిలో ముందుకు చాచి కళ్ల దాకా తెచ్చింది. ఎన్నేళ్లకు చూశానో ఆ చెయ్యిని.

బెల్టు పైన ఒక కెమెరా పెట్టారు. బెల్టు పక్కన గీసిన గీత దాటి చెయ్యి లోపలికి వస్తే ప్రమాదం అని దానికి నేర్పారు. అంజమ్మ రోజూ పొద్దున గీత దాటి చెయ్యి పెడుతోంది. కొన్నాళ్లు అలా లెక్కేసుకుంది, తర్వాత ఆమె ముఖానికి గేటు మూసుకుపోయింది. బెల్టు అప్పుడు ఆగి ఉందన్న సంగతి దానికి పట్టలేదు. నిఖిల్, నిన్ను ఫోన్లో అడిగాను, గుర్తుందా? "ఆ తేడా దానికి ఎవరూ చూపించలేదేమో అమ్మమ్మా" అన్నావు. దాపరికం లేని ఆ మాట నాకు నచ్చింది.

ఇంకో మాట చెప్పి అంజమ్మ ఏడ్చింది. ఆ రోడ్డు మీద షెడ్లన్నిటికీ మనుషులను పంపేది ఒకే కాంట్రాక్టర్. గేట్లన్నీ ఒకే యాప్ మీద నడుస్తాయి. ఒక్క షెడ్డులో ఎర్రబడితే కొత్తూరు దాకా ఏ గేటూ తెరుచుకోదట. ఆమెకు పోయింది ఒక్క కొలువు కాదు.

"కోపం జేసి ఎల్లగొడితే కాళ్లు మొక్కి అయినా అడుగుదును మేడం," అంది. "గేటు కాళ్లు యాడుంటయి?"

ఖాదర్ షెడ్డులో

షెడ్డు ఎవరిదో తెలిశాక నేను ఆశ్చర్యపోలేదు. ఆ చుట్టుపక్కల నాకు తెలియని గడప తక్కువ. పెద్ద సేఠ్ కొడుకు ఖాదర్‌ది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అరే మేడం! ఆయియే, కూసోండ్రి. ఛాయ్ చెప్త."

"ఛాయ్ తర్వాత బిడ్డా. ముందు ఆ కెమెరా ఆపు, చూస్త."

అతను నవ్వాడు. వాళ్ల నాన్న దగ్గర నేను చేసిందే చేస్తున్నానని అర్థమైంది. కానీ లేవలేదు.

"ఆపుడు నా చేతుల లేదు మేడం. బెంగళూరు కంపెనీది. ఆడి నుంచే నడుపుతరు."

"మరి గేటు?"

"గేటు కాంట్రాక్టర్ యాప్."

"అంజమ్మను ఎవరు తీసేసిన్రు?"

"నేనైతే తీసెయ్యలే, కసమ్. నాకు తెల్వనే తెల్వది."

సూపర్‌వైజర్ మల్లేశ్‌ను పిలిపించాడు. మల్లేశ్ తల వంచుకుని అన్నాడు: "అక్క ముట్టుడు నేను రోజు చూస్త సార్. బెల్టు బంద్ ఉన్నప్పుడే ముడుతది. దండమయినంకనే నేను స్విచ్ ఏస్త. గని నన్నెవ్వలు అడగలే."

బెంగళూరు కంపెనీకి ఫోన్ చేయించాను. కెమెరా యాప్‌లో మనిషి పేరు మీద ఎర్రగీత మాత్రమే వేస్తుంది, మనిషిని తీసేయమని మేము చెప్పలేదు అన్నారు. కాంట్రాక్టర్‌ను అడిగితే, ఎర్రగీత పడితే గేటు మూయమని సెట్టింగ్ ముందే ఉంది, నేను ముట్టుకోలేదు అన్నాడు. అందరూ నిజమే చెబుతున్నారు. అదే నన్ను భయపెట్టింది. నా ఉద్యోగంలో అబద్ధాలు చెప్పేవాళ్లతో పని పడింది. అబద్ధం వెనక ఎప్పుడూ ఒక మనిషి దొరికేవాడు. ఇక్కడ ఒక్కరూ అబద్ధం ఆడలేదు, ఒక్క మనిషీ దొరకలేదు.

ఖాదర్ వైపు న్యాయం కూడా చెప్పాలి.

"మీరు దాని తప్పే జూస్తున్నరు మేడం," అన్నాడు. "కెమెరా పెట్టినంక దెబ్బలు తగ్గినయి. పోరగాళ్లు ఫోన్ జూసుకుంట బెల్టు మీద ఒంగుతుండె, ఇప్పుడు ఒంగుతలేరు. గది గూడ రాస్కోండ్రి. నాకు సరుకిచ్చే పెద్ద కంపెనీ కెమెరా లేకుంటే ఆర్డరే ఇయ్యనన్నది. ఇగ రేపు చట్టమొస్తదంట. పెద్దోళ్లకు వకీళ్లుంటరు. బెంగళూరోడు తప్పించుకుంటడు. ఇరికేది ఎవరు? నేనే. ఆ పరికరం లోపల ఏముందో నాకు తెల్వది, జవాబు మాత్రం నేను చెప్పాల్నా?"

నిఖిల్, నీ వాదన ఇదే కదా. ఇందులో తప్పు లేదు. అదుపు ఇవ్వకుండా బాధ్యత మాత్రమే ఇస్తే చిన్న యజమాని నలిగిపోతాడు. పరికరం అమ్మినవాడు దాని గుణం ఏమిటో, దానికి ఏం తెలియదో చెప్పి తీరాలి. వాడేవాడికి ఆపే తాళం ఇచ్చి తీరాలి. చట్టం ఆ రెండూ చేయకుండా ఖాదర్ మెడ ఒక్కటే పట్టుకుంటే, అతను కెమెరా తీసేయడు, దాచిపెట్టుకుంటాడు.

మీటింగులో

ఆ వారమే చిన్న పరిశ్రమలవాళ్లు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో సమావేశం పెట్టుకున్నారు. ఏఐ చట్టం వస్తే మన సంగతి ఏమిటని. ఢిల్లీ నుంచి ఒక చిన్న వయసు అధికారిణి వచ్చింది. ఖాదర్ నన్ను కూడా తీసుకెళ్లాడు.

ఆమె చాలా ఓపికగా వివరించింది. ప్రత్యేక చట్టం ఒకటి పెట్టాలా, ఉన్న చట్టాలనే సవరించాలా అన్నది ఇంకా చర్చలోనే ఉందని, ప్రమాదం ఎంత పెద్దదైతే కట్టుబాటు అంత గట్టిగా ఉండాలన్నది ఒక ఆలోచన అని చెప్పింది. ఎవరో లేచి, "మాది చిన్న షెడ్డు మేడం, మాకు మినహాయింపు ఇయ్యున్రి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను అంజమ్మ సంగతి చెప్పాను. మైకు ఉన్నా వెనకవాళ్లకు వినపడలేదట, ఖాదర్ లేచి మళ్లీ చెప్పాడు. చెబుతూ చెబుతూ, అది తన షెడ్డే అని కూడా చెప్పేశాడు.

"షెడ్డు చిన్నదే," అన్నాను నేను. "ఆమెకు పోయింది చిన్నది కాదు. షెడ్డు సైజు చూసి వదిలేస్తే అంజమ్మ యాడికి పోవాలమ్మా?"

ఆ అధికారిణి వెంటనే ఒప్పుకోలేదు. "ఆపే మనిషి ఉండాలని రాయొచ్చు మేడం," అంది. "రాస్తే ప్రతి కంపెనీ ఒక మనిషిని కూర్చోబెడుతుంది. మెషిన్ చెప్పినదానికి అతను రోజంతా అవునని నొక్కుతాడు. అప్పుడు మెషిన్ తప్పు ఆ మనిషి నెత్తిన పడుతుంది. మీ మల్లేశ్ లాంటివాళ్లే బలవుతారు. దానికేం చేద్దాం?"

నాకు తోచింది చెప్పాను. ఆ మనిషి బెల్టు దగ్గర నిలబడేవాడై ఉండాలి, దూరంగా తెర ముందు కూర్చునేవాడు కాదు. కాదు అన్నందుకు అతని కొలువు పోకూడదు. గేటు మూసుకునే ముందు ఆ కార్మికురాలికి కారణం ఆమె భాషలో చెప్పి తీరాలి. తనిఖీకి వెళ్లేవాళ్లకు ఆ పరికరాలను ఆపించి చూసే అధికారం, ఆ చదువు రెండూ ఇవ్వాలి. ఆమె రాసుకుంది. రాసుకున్నదంతా చట్టంలోకి వస్తుందని నేను అనుకోవడం లేదు. సాహితీ, నువ్వు ఆమె కుర్చీలో కూర్చుంటే ఆ ప్రశ్న నీకు నువ్వే వేసుకోవాలి. ఆమె సందేహం నా సలహా కంటే విలువైనది.

తిరిగి వస్తుంటే కారులో ఖాదర్ బెంగళూరుకు ఫోన్ కలిపి, కెమెరా గంట మాత్రమే కొట్టాలి, గేటు దాకా పోకూడదు అని అడిగాడు. మీరు కొన్న ప్యాకేజీలో ఆ మార్పు కుదరదని అటువైపు నుంచి అంటున్నారు. ఖాదర్ గొంతు అచ్చం వాళ్ల నాన్న గొంతులా మారింది.

"కుదరదా? రేపు చట్టమొస్తే ఎవరి పేరు రాయమంటవ్ భాయ్, నీదా నాదా? ఇప్పుడే చెప్పు, కాగితం మీద రాసుకుందం."

చూస్తామన్నారు అటువైపు నుంచి. నాలుగు రోజుల్లో చూశారు కూడా. ఇంకా రాని చట్టం పేరు చెప్పి చిన్న యజమాని ఒక పెద్ద కంపెనీ చేత పని చేయించుకున్నాడు. చట్టం చిన్నవాడికి బరువే కాదు నిఖిల్, ఒక్కోసారి చేతికర్ర కూడా అవుతుంది.

ఇప్పుడు కెమెరా గంట మాత్రమే కొడుతుంది. గేటు మూయదు. గంట కొడితే మల్లేశ్ వచ్చి బెల్టు ఆగి ఉందా, తిరుగుతోందా చూసి, నిర్ణయం తన పేరు మీద చెబుతాడు. కాంట్రాక్టర్ యాప్‌లో అంజమ్మ ఎర్రగీత తీయించడానికి ఖాదర్ తానే వెళ్లి కూర్చున్నాడు.

ఆ పొద్దున

అంజమ్మ తిరిగి పనిలోకి వెళ్లిన రోజు నేనూ వెళ్లాను. ఆమె రమ్మంది. గేటు ముందు ముఖం చూపించడానికి భయపడి నా చెయ్యి పట్టుకుంది. పచ్చ లైటు వెలిగింది. గేటు తెరుచుకుంది.

లోపల అందరూ వచ్చి బెల్టుకు రెండు వైపులా నిలబడ్డారు. బెల్టు ఆగి ఉంది. ఆడవాళ్లు కొందరు చేతులకు గ్లౌజులు వేసుకుంటున్నారు. అంజమ్మ తన చోటుకు వెళ్లి నిలబడింది. చెయ్యి కొద్దిగా లేచింది. అక్కడే ఆగింది. కొంగుకు తుడుచుకుని గ్లౌజు తీసుకుంది.

"ఏందమ్మా, దండం పెట్టలే?" అన్నాను.

"ఇంట్లనే పెట్టుకొని వచ్చిన మేడం."

మల్లేశ్ స్విచ్ దగ్గర నుంచి అన్నాడు: "పెట్టక్కా, బెల్టు బందే ఉన్నది గద. గంట కొడితే నేను చెప్త. నేనే ఉన్న."

అంజమ్మ పైకి, కెమెరా వైపు ఒకసారి చూసింది.

"ఎందుకులే తమ్మీ," అంది. "అది చూస్తది."

పక్కన ఉన్న ఆడవాళ్లూ ముట్టుకోలేదు. అప్పుడు చూశాను, ఎవరూ ముట్టుకోవడం లేదు. అంజమ్మ గేటు బయట ఉన్న రోజుల్లోనే అందరూ మానేశారు.

మల్లేశ్ రోజూ దండాలు అయ్యేదాకా ఆగేంత సేపూ ఆగాడు. తర్వాత స్విచ్ మీద చెయ్యి వేసి, పెద్ద సేఠ్ షాపులో లాగే గట్టిగా అరిచాడు.

"చెయ్యి తీయ్!"

తీయడానికి అక్కడ ఎవరి చెయ్యీ లేదు. బెల్టు కదిలింది.